మనలో మనకు లెక్కలు

ఏప్రిల్ 15 వస్తే భావనపాడు ఒడ్డున పడవలు ఇసుక మీదికి చేరతాయి. జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా ఇంజను పడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక సముద్రానికి ఈ విశ్రాంతి అవసరమే. గంగపుత్రుడికి మాత్రం అది చేతిలో పైసా ఆడని కాలం. ఆ రెండు నెలలు గట్టెక్కడానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం అదే రోజుల్లో ఒక జాబితా తయారవుతుంది. ఏ పడవ మీద ఎవరెవరు వేటకు వెళ్తారు, పడవ నంబరు ఎంత, ఆధార్ ఏది, బ్యాంకు ఖాతా ఏది అన్నవన్నీ అందులో రాస్తారు. మత్స్యశాఖ ఉద్యోగి ఒడ్డుకు వచ్చి పడవను చూసి వెళ్తాడు. నిన్నటిదాకా ఆ పడవలో నిలబడి వల లాగింది ఎవరో ఆయనకు ఎలా తెలుస్తుంది? అది తెలిసింది పడవ యజమానికి, తోటి కలాసీలకు, ఊరి మత్స్యకార సహకార సంఘానికి.

2019లో ఈ భృతిని 10 వేల రూపాయలకు పెంచారు. 2025 ఏప్రిల్ 26న మన శ్రీకాకుళం జిల్లాలోనే, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో, ముఖ్యమంత్రి 20 వేల చొప్పున పంపిణీ ప్రారంభించారు. జాబితాలో పేరున్న ఇంటికి ఆ రెండు నెలల తిండిగింజలు, పిల్లల పుస్తకాలు, వల బాగుచేతకు నూలు అందులోంచే రావాలి. పేరు జారిపోయిన ఇంటికి వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి. తప్పు దిద్దమని అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ బల్లలన్నీ తిరిగి తేలేసరికి వేట మళ్లీ మొదలైపోతుంది. చేసిన అప్పు మాత్రం మొదటి చేప పడకముందే ఒడ్డున కాచుకుని ఉంటుంది.

సంఘంలో సమాచారం వేళకు అందడం, ఉన్నది ఉన్నట్టు అందడం అనే సంగతిని మనం చాలాకాలంగా గుమస్తా పనిగానే చూస్తున్నాం. రిజిస్టరు, తీర్మానాల పుస్తకం, సభ్యుల పట్టీ ఆఫీసువాళ్లు అడిగినప్పుడు చూపించడానికి ఉండే సరుకు అనుకుంటున్నాం. ఆ పట్టీలో ఒక గీత తప్పితే ఒక ఇంట్లో పొయ్యి వెలగదన్న సంగతి, పొయ్యి వెలగని ఇంటివాళ్లకు తప్ప మిగతావాళ్లకు తట్టదు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచిస్తే మోసం కన్నా ముందు మొహమాటం కనిపిస్తుంది. తీరగ్రామాల్లో సంఘమంటే బంధువర్గమే. కార్యదర్శి మేనమామ కొడుకు అవుతాడు. కోశాధికారి మన వీధివాడే, మొన్న మన ఇంటి పెళ్లికి ముందు నిలబడి వండించినవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ‘బావా, కిందటేటి వలల సబ్సిడీ ఎవరెవరికి వచ్చింది, ఓసారి చదువు’ అని నలుగురిలో అడగడం ఎలా? అడిగినవాడే పరాయివాడైపోతాడు. ‘మనలో మనకు లెక్కలేంట్రా’ అన్న ఒక్క మాటతో సమావేశం ముగిసిపోతుంది. ఆ మాట వినడానికి ఎంత ఆప్యాయంగా ఉంటుందో! ఆ ఆప్యాయత కిందే ఎవరి పేరో జారిపోతుంది, ఎవరి పేరో వచ్చి చేరుతుంది. పడవ యజమాని తన తమ్ముడి పేరు రాయిస్తే, పదేళ్లుగా ఆ పడవ మీద వల లాగుతున్న కలాసీ ఊరుకుంటాడు. రేపు మళ్లీ అదే పడవ ఎక్కాలి కదా. ఇది ఫలానా ఊరి మీద, ఫలానా సంఘం మీద మోపే నింద కాదు. నలుగురు కలిసి నడుపుకునే చోటల్లా, అది కులసంఘమైనా గుడి కమిటీ అయినా ఉద్యోగుల సంఘమైనా, ఈ బలహీనత ఉంటుంది. పరాయివాడికి లెక్క చెప్పకపోతే పోయేది డబ్బే. అయినవాడికి లెక్క చెప్పకపోతే డబ్బుతో పాటు వాడు కూడా పోతాడు. అందుకే లెక్క ముందు చెప్పాల్సింది మనలో మనకే.

ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. అది భయం, ప్రేమ కలిసిన భయం. వేటకు వెళ్లిన పడవ వేళకు రాలేదనుకోండి. ఒడ్డున ఉన్నవాళ్లకు విషయం అర్థమైనా ఇంట్లో చెప్పరు. ముసలమ్మ తట్టుకోలేదంటారు, ఇంకో గంట చూద్దామంటారు. ఇంట్లో చెప్పనిది పోలీసులకూ చెప్పరు, కోస్ట్ గార్డుకూ చెప్పరు. సముద్రంలో ఆపదకు 1554 అనే నంబరు ఉంది. ఇక్కడ గంట ఆలస్యమైతే అక్కడ వెతకాల్సిన నీళ్లు ఎన్నో రెట్లు విస్తరిస్తాయి. గాలి, ప్రవాహం పడవను ఎంత దూరం లాక్కుపోతాయో గంగపుత్రుడికి మనం చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదినీ బాధ నుంచి తప్పించాలని దాచిన వార్త ఆ ఇంటికే తీరని నష్టం తెచ్చిన సందర్భాలు తీరంలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

నిజానికి సరైన వార్త విలువ తీరవాసులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని తెలుసుకుని గాని తెప్ప దించని తరాలు ఇక్కడివి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, చేపలు ఎక్కువగా దొరికే చోట్లను ఉపగ్రహ సమాచారంతో అంచనా కట్టి తీరానికి పంపుతుంది. ఆ కబురు అందిన నాటికే పనికొస్తుంది. రెండు రోజులు పోయాక చూస్తే అక్కడ నీళ్లే ఉంటాయి. నీటి మీద ఇంత ఖచ్చితంగా ఉండేవాళ్లం గట్టు మీదికి వచ్చాక, సంఘం గదిలో కూర్చున్నాక ఎందుకు సడలిపోతున్నాం?

తిత్లీ తుపాను ఈ ప్రాంతానికి ఈ పాఠం కఠినంగానే చెప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వంటి ఉద్దానం మండలాల్లో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఒడ్డున పడవలు, వలలు ఇసుకలో కూరుకుపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటి రోజుల్లో నష్టం లెక్కగట్టడానికి మనుషులు వచ్చారు. చెట్టు చెట్టుకూ లెక్క, పడవ పడవకూ లెక్క. యజమాని హైదరాబాదులోనో గల్ఫులోనో ఉన్నాడు, తోట చూసుకుంటున్నది కౌలుదారు. చెట్టు ఎవరిది, నష్టం ఎవరిది? ఊళ్లో నమ్మకంగా నడిచే సంఘం ఉండి, ఏ తోట ఎవరి చేతిలో ఉందో ముందే రాసిపెట్టుకున్న చోట ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరుకుతుంది. అలాంటి పుస్తకం లేని చోట గట్టిగా అరిచినవాడి లెక్కే లెక్క అవుతుంది.

ఇక్కడే ఇంకో మాట, కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాలి. విపత్తు వచ్చినప్పుడు పోయింది పది అయితే పదిహేను రాయించాలన్న కోరిక మనుషులకు కలుగుతుంది. పైవాళ్లు ఎలాగూ కోస్తారు కదా అని ముందే పెంచుతారు. పెంచారని తెలిసి పైవాళ్లు ఇంకా కోస్తారు. ఆ కోతలో నిజంగా పది పోగొట్టుకున్నవాడికి ఆరు మిగులుతాయి. పెంచి రాసిన ఐదు ప్రభుత్వం ఖజానాలోంచి వస్తాయనుకుంటాం గాని, చాలాసార్లు అవి పక్కింటివాడి పళ్లెంలోంచే వస్తాయి. కొబ్బరి మొక్క నాటి మళ్లీ కాయ చూడటానికి ఏళ్లు పట్టే ఉద్దానంలో, ఒక్కసారి పోయిన నమ్మకం తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంది.

మన తీరం పొడవు 193 కిలోమీటర్లు. ఇంత తీరం ఉన్నా పెద్ద పడవలు ఆగడానికి తగిన రేవులు లేక వేలమంది యువకులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. అడ్వాన్సు తీసుకుని వెళ్లి నెలల తరబడి అరేబియా సముద్రంలో వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లలో 22 మంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ‘తండేల్’ సినిమా వచ్చాక ఈ కథ రాష్ట్రమంతటికీ తెలిసింది. సినిమాలో పట్టనిది ఒకటి ఉంది, కాగితాల కథ. చెరలో ఉన్నవాడు భారతీయుడేనని, ఫలానా ఊరివాడేనని రుజువైతే గాని విడుదల అడుగు ముందుకు పడదు. అక్కడ పోలీసు రాసుకున్న పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి, రేషన్ కార్డులో మరొకటి, ఊళ్లో పిలిచేది వేరొకటి. సగం ఊరికి ఒకటే ఇంటిపేరు. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ కాగితం వెనక్కి తిరిగి రావాల్సిందే. అలాంటప్పుడు ఊరి నుంచి వెళ్లే జాబితా ఎంత ఖచ్చితంగా ఉంటే మనిషి అంత త్వరగా ఇల్లు చేరతాడు.

భారత, పాకిస్తాన్‌ల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ చెరలో ఉన్న ఎదుటి దేశం ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 మే నెలలో రెండు దేశాలూ క్షిపణులు విసురుకున్నాయి. ఆ జూలై 1న కూడా జాబితాలు చేతులు మారాయి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు కదులుతుంది. పగవాళ్లుగా ఉన్న దేశాలే తేదీ తప్పకుండా ఒకరి మనుషుల పేర్లు ఒకరికి చెప్పుకుంటున్నాయి. ఒకే గంగమ్మకు మొక్కే మనం, ఒకే వల పట్టుకుని లాగే మనం, మనవాళ్ల పేర్లు మనకే చెప్పుకోలేమా? మన ఊరి నుంచి ఈ ఏడు ఎవరెవరు వెరావల్ వెళ్లారు, ఏ పడవ ఎక్కారు, ఆ పడవ యజమాని ఫోన్ నంబరు ఎంత అని అడిగితే వెంటనే కాగితం తీసి చూపగల సంఘాలు ఎన్ని ఉన్నాయి? 2020 లాక్‌డౌన్‌లో వేలమంది ఆంధ్ర మత్స్యకారులు వెరావల్‌లో పడవల మీదే చిక్కుబడిపోయారు. వాళ్లను బస్సుల్లో రప్పించడానికి ముందు కావలసి వచ్చింది కూడా పేర్ల పట్టీయే.

సహోదర సంఘాలు పుట్టినప్పటి నుంచీ ఈ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది పేద కార్మికులు చేరి 1844 డిసెంబరు 21న చిన్న దుకాణం తెరిచారు. ప్రపంచ సహకారోద్యమం దాని నుంచే పెరిగింది. వాళ్లు మూడు నెలలకోసారి సభ్యులందరినీ కూర్చోబెట్టి లెక్కలు వినిపించాలని నియమం రాసుకున్నారు. తెలిసినవాళ్లే, ఒకే వీధివాళ్లే, అయినా రాసుకున్నారు. అమెరికాలో 1868లో రైల్వే మెకానిక్ జాన్ జోర్డాన్ అప్‌చర్చ్ స్థాపించిన కార్మిక సోదర సంఘంలో ఒక సభ్యుడు చనిపోతే మిగతా సభ్యులంతా తలా ఒక డాలరు వేసి ఆ కుటుంబానికి ఇచ్చేవారు. ఎంత గొప్ప ఏర్పాటో! అదంతా ఒక్క కబురు మీద ఆధారపడి నడిచింది. స్థానిక శాఖ నుంచి మరణవార్త వెంటనే, పేరు తప్పు లేకుండా రాకపోతే ఆ డాలర్లు కదలవు.

మన దగ్గరా చట్టాలకు కొదవ లేదు. 1964 నాటి రాష్ట్ర సహకార సంఘాల చట్టం సర్వసభ్య సమావేశం పెట్టమంటుంది, లెక్కలు ఆడిట్ చేయించమంటుంది. జరుగుతున్నది ఏమిటంటే చాలాచోట్ల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాలు పడతాయి, సమావేశం జరిగినట్టే అవుతుంది. వేలిముద్ర వేసిన అవ్వకు తాను ఏ తీర్మానానికి ఒప్పుకుందో తెలియదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ జరిగిన పలాస మనకు కూతవేటు దూరంలో ఉంది. నలుగురు బహిరంగంగా కూడి మాట్లాడుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

ఎక్కడో వెతకనక్కర్లేదు. మత్స్యకారుల ఇళ్లలోని ఆడవాళ్ల పొదుపు సంఘాలను చూసినా చాలు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు పెట్టుకుని నడుస్తున్నారు. ఎండుచేపల గంప దించి వచ్చిన మనిషి చాప మీద కూర్చుని, ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో పైకి చదివించుకుంటుంది. ఒకరు ఆలస్యం చేస్తే సున్నా వడ్డీ రాయితీని సంఘం మొత్తం కోల్పోతుందని ఆమెకు తెలుసు. అక్కడ అడగడం తప్పు కాదు. ‘వదినా, ఈ నెల నీది రాలేదు’ అని పేరు పెట్టి అంటారు, ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి బిందెలు పట్టుకుని నీళ్లకు వెళ్తారు. లెక్క అడిగితే చుట్టరికం చెడుతుందన్న మగవాళ్ల భయానికి జవాబు ఇంట్లోనే ఉంది. ఆ సంఘాల్లోనూ తప్పులు జరుగుతాయి. పైకి చదివే అలవాటు ఉన్న చోట తప్పు ఎక్కువ కాలం దాగదు, అంతే.

ఈ అలవాటు మనకు ఇప్పుడే ఎక్కువ అవసరం. భావనపాడు ఓడరేవు అని ఏళ్ల తరబడి విన్నది మూలపేట ఓడరేవుగా పేరు మారి, 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకుంది. నౌపడ ఉప్పు మళ్లు, తేలినీలాపురం పక్షులు, ఈ పొరుగున ఉన్న వేటజాగాలు అన్నీ రేపటి పెద్ద ఓడల దారికి దగ్గర్లోనే ఉన్నాయి. ఓడరేవు వస్తే పని వస్తుందని ఆశించేవాళ్లున్నారు, వేట పోతుందని దిగులుపడేవాళ్లున్నారు. ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. ఎటు చూసినా, ఏ నెలలో ఏ లోతులో ఏ చేప పడింది, ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని రోజులు వేట సాగలేదు అన్నవి ఊరి చేతిరాతలో ఉండాలి. రేపు పరిహారం మాట వచ్చినా, రేవు మాట వచ్చినా, ‘మా తాతల నాటి నుంచి ఇక్కడ వేట చేస్తున్నాం’ అన్న మాట ఎంత నిజమైనా, దానికి తేదీ ఉన్న పుస్తకం తోడుంటేనే అధికారి బల్ల మీద నిలుస్తుంది. ఆ పుస్తకంలో ఇవాళ్టి పేజీని ఇవాళే రాయాలి. పరిహారం ప్రకటించాక కూర్చుని పాత తేదీలు వేసి రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

కనుక ఈ తీరంలోని మత్స్యకార సంఘాల కార్యదర్శులకు, కులపెద్దలకు మా మనవి ఇది. ఏప్రిల్ 15కు ముందే ఒక సాయంత్రం ఊరంతా కూర్చునేలా చూడండి. భృతి జాబితాను పడవ వారీగా పైకి చదవండి, చదువు రానివాళ్లకు వినిపించండి, అభ్యంతరం చెప్పినవాణ్ణి కసరకండి. ఆ జాబితాను రామమందిరం గోడకో గంగమ్మ గుడి గోడకో అంటించి మూడు రోజులు అలాగే ఉంచండి. ఆధార్‌లో ఉన్న పేరే రాయండి, తండ్రి పేరు అడిగి రాయండి. వెరావల్‌కో పారాదీప్‌కో చెన్నైకో బయల్దేరే కుర్రాళ్ల వివరాలు వాళ్లు రైలెక్కకముందే తీసుకోండి, పెళ్లాం పేరు, ఫోన్ నంబరు సహా. పడవ వేళకు రాకపోతే ఎవరు ఎవరికి ఎన్ని గంటలకు ఫోన్ చేయాలో ఇప్పుడే తేల్చుకోండి. మత్స్యశాఖ అధికారులకు కూడా ఒక మాట: సంఘం ఇచ్చిన జాబితాకు ముద్ర వేసిన రశీదు ఇవ్వండి, ఏ పేరు తీసేశారో ఎందుకు తీసేశారో రాసి అదే వారంలో ఊరికి తిరిగి పంపండి. ఊళ్లో పది, పన్నెండు చదివిన పిల్లలు కావలసినంత మంది ఉన్నారు. పుస్తకం రాసే పని వాళ్లకు అప్పగించండి, పక్కన కూర్చుని సరిచూసే పని పెద్దలు చేయండి.